గేటుదాకా వచ్చే సారు

హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ పడింది. స్కూటీ ఆపి తలెత్తితే, రెండు కరెంటు స్తంభాల నడుమ కట్టిన ఫ్లెక్సీలోంచి ఆయన చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఏ బడికి అడ్మిషన్లు మొదలయ్యాయో అనుకున్నాను. ముందున్న ఆటో కదిలేలోపు కింది అక్షరాలు చదివితే తెలిసింది, అది శ్రద్ధాంజలి.

ఫోటో పాతదే. మా బడి అడ్మిషన్ల ఫ్లెక్సీ కోసం తీయించుకున్నది. అప్పట్లో ఆయన భుజం పక్కన కంప్యూటరు ముందు కూచున్న ఇద్దరమ్మాయిలు ఉండేవారు. ఇప్పుడు వాళ్లను కత్తిరించి ఆ జాగాలో ఒక దీపం పెట్టారు. నవ్వును మాత్రం ముట్టుకోలేదు. ఎవరినో ఒకరిని లోపలికి పిలవకుండా ఆయన ఊరికే నిలబడ్డ ఫోటో ఇంట్లో దొరకలేదేమో. పరామర్శకు పోయినవాళ్లు ఆ నవ్వు చూసి, ఎనిమిదో తరగతిలో సీట్లున్నాయా అని అడిగినా తప్పు పట్టలేం.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలంటారు. ఆయన గురించిన మంచి మాటలన్నీ ఆయనే చెప్పుకొని వెళ్లాడు. కొత్తగా కలపడానికి మాకేమీ మిగల్చలేదు. అందుకని నేను చూసినవే చెప్తాను.

నేను ఆ బడిలో సైన్సు చెప్పేదాన్ని. ప్రైవేటు ఆడపిల్లల హైస్కూలు అది. ఎండాకాలం సెలవులు అక్కడ పిల్లలకే. టీచర్లంతా కరపత్రాలు పట్టుకొని, ఆడపిల్లలున్న ఇళ్లు వెతుక్కుంటూ వాడవాడా తిరగాలి. దాన్ని క్యాన్వాసింగ్ అనేవారు. మొదటి ఏడాదే మట్టెవాడ సందుల్లో నాకు వడదెబ్బ తగిలింది. అప్పటినుంచి నన్ను తిప్పడం మానేసి, స్వాగతం గదిలో ఆయన పక్క కుర్చీలో కూచోబెట్టారు. కొన్నాళ్లకు వడదెబ్బే నయమనిపించింది.

ఆయన ఉద్యోగం పేరు పీఆర్వో. పిల్లను చేర్పించడానికి వచ్చే కుటుంబానికి ఎదురెళ్లడం, గదిలో కూచోబెట్టడం, బడి చూపించడం, సీటు ఇవ్వాలో వద్దో తేల్చడం ఆయన పని. పిల్లలు ఆయన్ని స్వాగతం సారు అనేవాళ్లు. వెక్కిరింతగానే అనేవాళ్లు. ఆయన అది బిరుదనుకున్నాడు.

ఆయన నమస్కారంలో తరగతులుండేవి. కారు వస్తే రెండు చేతులూ నుదుటిదాకా లేచేవి. మోటారుసైకిలు వస్తే ఛాతీ దగ్గర ఆగేవి. ఆటో దిగినవాళ్లకు కుడిచెయ్యి ఒక్కటే కదిలేది, అదీ జేబులో పెన్ను ఉందో లేదో చూసుకుంటున్నట్టు. నడిచి వచ్చినవాళ్లను ఆయన చూసే అవసరం రాకుండా వాచ్‌మనే చూసుకునేవాడు.

స్వాగతం గదిలో ఏసీ ఉండేది. మొత్తం బడికి అదొక్కటే. దాని రిమోట్ ఆయన చొక్కా జేబులో కళ్లజోడు పక్కన పడుకునేది. తండ్రి ఏం చేస్తాడో తెలిసేదాకా ఫ్యానే. గవర్నమెంటు ఉద్యోగమని తేలితే జేబులోపలే బటన్ నొక్కేవాడు. కాంట్రాక్టరని తేలితే ఇంకొంచెం చల్లబరిచేవాడు. గ్రానైట్ వ్యాపారి ఒకాయన కుటుంబంతో వచ్చిన రోజు నేను కొంగు చెవులదాకా కప్పుకొని కూచున్నాను. బయట రోహిణి కార్తె.

బల్ల సొరుగులో ఫోటో ఫ్రేములుండేవి. ఒకటి సరస్వతి, ఒకటి ఏసుప్రభువు, ఒకటి మక్కా. వాచ్‌మన్ వచ్చినవాళ్ల పేరు చీటీ మీద రాసి పంపితే, దాన్నిబట్టి ఒక ఫ్రేము బల్లమీదికి ఎక్కేది. మిగతావి లోపల విశ్రాంతి తీసుకునేవి. ఆయనకు ఏ మతం మీదా ద్వేషం లేదు. నాకు తెలిసి ఇంకేమీ కూడా లేదు. ఒకసారి చీటీలో సైదులు అని చూసి మక్కా పెట్టి, లేచి సలాం చేశాడు. వచ్చినాయన నుదుట పెద్ద బొట్టు, చేతికి పసుపు దారం, కొమురెల్లి మల్లన్న భక్తుడు. దర్గాకు మొక్కుకుంటే పుట్టిన కొడుకులకు ఆ పేరు పెట్టడం మా వైపు ఇంటింటా ఉన్నదే. ఆయనకు తెలియక కాదు. ఆయన చీటీని చూశాడు, మనిషిని చూడలేదు.

వచ్చినవాళ్లకు నన్ను డబుల్ ఎమ్మెస్సీ అని పరిచయం చేసేవాడు. నాకున్నది ఒక్కటేనని ఒకరోజు గుర్తుచేస్తే, "రెండోది మన స్కూలు తరఫున అనుకోండ్రి మేడమ్," అన్నాడు.

ఇక బడి చూపించడమంటే గోడ చూపించడం. ఎవరు వచ్చినా ముందు ప్రహరీ దగ్గరికి తీసుకుపోయి, పెండ్లిపిల్ల నగలు చూపించినట్టు చూపించేవాడు. "ఎత్తు చూడుండ్రి సార్. మీద సీసపెంకులు. పిల్లి గూడ దుంకలేదు." తండ్రులు తలెత్తి గోడను చూసేవారు. తల్లులు పిల్ల ముఖం చూసేవారు. పిల్ల సీసపెంకులు చూసేది. గోడ తర్వాత గేటు, గేటు తర్వాత కెమెరాలు. సైన్సు ల్యాబును మాత్రం వరండా ఇవతలి నుంచి, మూసిన కిటికీ వైపు వేలు పెట్టి చూపించేవాడు. లోపల విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి కాబట్టి తలుపు తెరుచుకోదు. లోపలికి పోయి చూస్తామని ఒక తల్లి పట్టుబడితే, "ల్యాబు దూరంనుంచి చూస్తెనే మంచిగ కనవడ్తదమ్మా," అన్నాడు. అది నిజమే కాబట్టి నేనేమీ అనలేదు.

ఆయన చివరిమాట ఎప్పుడూ ఒకటే. "మనది బడి కాదమ్మా, తల్లిగారిల్లు." ఏ తల్లిగారింట్లో ఇంత ఎత్తు గోడ మీద సీసపెంకులు పెడతారని ఎవరూ అడగలేదు. ఒకాయన మాత్రం, మీ అమ్మాయి కూడా ఈడనే చదివిందా సార్ అని అడిగాడు. సారు వెంటనే అందరికీ చల్లటి నీళ్లు తెప్పించాడు. వాళ్లమ్మాయి హైదరాబాదులో, మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి చదివే బడిలో చదివింది. గోడ ఎంత ఎత్తో నాకు తెలియదు.

ఇవన్నీ ఆయన వచ్చేవాళ్లకు చేసే మర్యాదలు. ఆయన అసలు విద్య పోయేవాళ్ల దగ్గర బయటపడేది.

సీటు ఇచ్చినవాళ్లను ఆయన కుర్చీలోంచి లేవకుండానే పక్క గది ఫీజు కౌంటరుకు పంపేవాడు. లేదు అనుకున్నవాళ్లతో పాటు తను లేచేవాడు. తలుపు తనే తెరిచి, వరండా దాటించి, గేటుదాకా నడిచేవాడు. పిల్ల తలమీద చెయ్యి పెట్టి, చేతిలో పటికబెల్లం పెట్టేవాడు. "ఇగ మీరు ఫికర్ చెయ్యకుండ్రి. మేం కబురు చేస్తం," అని, ఆటో మాట్లాడి ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపేవాడు. కబురు ఎన్నడూ పోయేది కాదు. ఆ ఆటోల్లో పోయినవాళ్లంతా ఎంత మంచి సారు, ఎంత మర్యాద అనుకుంటూ పోయేవాళ్లు. మరో బడికి పోవాలన్న తొందర వాళ్లకు కలిగేది కాదు.

నేను ఉండబట్టలేక ఒకసారి అడిగాను, లేదని చెప్తే వాళ్ల దారి వాళ్లు చూసుకుంటారు కదా సార్ అని. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఒగల మనసు నొప్పియ్యడం నాతోని కాదు మేడమ్. పుట్టినకాన్నుంచి నా నోట్ల లేదు అనే మాటనే రాలే." ఆ గొంతులో నిజంగానే గర్వం ఉంది. చెప్పులు కుట్టేవాడు చెప్పుల్లేకుండా తిరిగితే జాలిపడతాం. లేదని చెప్పడమే పనిగా ఉన్నవాడు ఆ మాట చెప్పకుండా జీతం తీసుకుంటుంటే ఏం పడాలో నాకు తెలియలేదు.

ఒక ఏప్రిల్‌లో మట్టెవాడ నుంచి ఒక తల్లి, కూతురు ఆటో దిగారు. తల్లి ఇంట్లో మిషన్ పెట్టుకొని ఆడవాళ్ల బట్టలు కుట్టేది. కూతురి పేరు రేష్మ. దాని బడిలో ఏడో తరగతితోనే చదువు అయిపోతుంది. చీటీలో పేర్లు చూసి సారు మక్కా ఫ్రేము పెట్టి, హిందీ సినిమాల్లోంచి ఏరుకున్న ఉర్దూలో ఏదో మొదలుపెట్టాడు. ఆమె ఓపికగా విని, "సార్, జర తెలుగుల చెప్పుండ్రి. మాది ధర్మసాగర్ దిక్కు పల్లె. మాకు ఉర్దూ అంతగ రాదు," అంది. సారు చిన్నబుచ్చుకున్నాడు. ఫ్రేము పెట్టిన కష్టం వృథా అయింది.

నీళ్లు తాగుతూ ఆమె తన సంగతి నాకే చెప్పింది. పిల్ల తండ్రి డీసీఎం వ్యాను నడుపుతాడు. పిల్లను చదివించనని అనడు, కానీ ఆడపిల్లల బడి అయితేనే అంటాడు. జూన్ నెల దాటేలోపు అలాంటి బడిలో సీటు దొరకకపోతే ఇక మిషన్ నేర్చుకొమ్మన్నాడు. "నాకు మిషన్ అన్నం పెట్టింది మేడమ్, కాదనను. గని దీనికి లెక్కలు మంచిగ వస్తయి. మిషన్ మీద కూసుంటె ఇగ లెవ్వది, నన్ను చూస్తలేరా," అని నవ్వింది. పిల్ల ఏసీ వైపు చూస్తూ కూచుంది. అది నడవడం లేదు.

సారు ఆ పిల్లను లెమ్మన్నాడు. గేటు దగ్గర పళ్లేలు పట్టుకొని నిలబడే వెల్కమ్ పిల్లలను ఆయన ఎత్తును చూసి ఎంచేవాడు. అలవాటు కొద్దీ ఏ పిల్ల వచ్చినా గోడకు ఆనుకొని నిలబడమనేవాడు. రేష్మను కూడా అలాగే నిలబెట్టి, చెయ్యి తలకు ఆనించి, తల పంకించాడు. తర్వాత అందరికన్నా ఎక్కువ మర్యాదగా గేటుదాకా వచ్చాడు. ఇగ ఈ బిడ్డ మా బిడ్డ అన్నాడు. ఆటో డ్రైవరుకు మెల్లగ పోవాలని జాగ్రత్తలు చెప్పాడు. నేను కిటికీలోంచి చూస్తూ, పాపం, వీళ్ల పని అయిపోయింది అనుకున్నాను.

ఆ తల్లికి అలా అనిపించలేదు. ఆమె పనిలో ఒక పద్ధతి ఉంది. కొలత తీసుకున్నారంటే పని ఒప్పుకున్నట్టే. ఆ తర్వాత కబురు చేస్తామంటే, ఎప్పుడు సిద్ధమవుతుందో చెప్తామని అర్థం. గోడకు నిలబెట్టి కొలిచారు, కబురు చేస్తామన్నారు, వాకిటిదాకా వచ్చారు. ఇంతకన్నా గట్టిగా ఒప్పుకునేవాళ్లను ఆమె ఎన్నడూ చూడలేదు. వేరే బడి గడప తొక్కలేదు. ఆమె చేసిన పని ఏమిటంటే, యూనిఫాం కుట్టడం.

గేటు దగ్గర నిలబడ్డ వెల్కమ్ పిల్లల బట్టలు ఆమె ఆ రోజే కంటితో కొలిచి పెట్టుకుంది. అవి మా యూనిఫాం కావు. రంగు అదే మెరూన్, కానీ అంచులకు, చున్నీకి బంగారు లేసు ఉంటుంది. స్వాగతాలు అయిపోగానే సారు వాటిని విప్పించి తన అలమారలో తాళం వేసేవాడు. ఆమెకు ఆ సంగతి ఎవరు చెప్తారు. బట్ట తెచ్చి, లేసు తెచ్చి, ఎండాకాలమంతా గిరాకీ పని ముగిశాక కూతురికి ఆ బట్టలే కుట్టింది.

జూన్‌లో బడి తెరిచిన రోజు ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లో రేష్మ ఒక్కతే మెరుస్తూ కనబడింది. కబురు రాకపోయినా, బడి తెరిచే రోజు ఊరందరికీ తెలుసు కదా అని తల్లి తీసుకొచ్చి వదిలిందట. సారుకు దూరంనుంచి లేసు కనబడింది. లేసు ఉంటే వెల్కమ్ పిల్లే. ఆ రోజు కొత్త కుటుంబాలు చాలా వస్తున్నాయి, పళ్లెం పట్టేవాళ్లు చాలలేదు. "ఓ బిడ్డా, నువ్వు ఈడెందుకున్నవ్, గేటు కాడికి నడువు," అని చేతికి పన్నీరు బుడ్డి ఇచ్చాడు. ఏప్రిల్‌లో తలమీద చెయ్యి పెట్టి పంపిన పిల్ల ముఖం ఆయనకు గుర్తు లేదు. గుర్తుంచుకునే ఉద్దేశంతో చూడలేదు.

రేష్మ ఈ బడిలో మొదటిరోజు ఇలాగే ఉంటుందనుకుంది. వచ్చినవాళ్లందరి మీదా పన్నీరు చల్లింది. నేను కూడా దానికి సీటు ఇచ్చారనే అనుకున్నాను. సారు మనసు మారిందేమోనని కూడా అనుకున్నాను. ఎండ ఒక్కొక్కరి మీద ఒక్కోలా పనిచేస్తుంది. సాయంత్రం తీసుకుపోవడానికి వచ్చిన తల్లి, గేటు దగ్గర పళ్లేల మధ్య కూతురిని చూసి అక్కడే ఆగిపోయింది. వచ్చిన రోజే ముందర నిలబెట్టారని పక్క కొట్టులో నీళ్లు తాగుతూ కొట్టామెకు చెప్పుకుందట.

మర్నాడు కూడా అదే పని. ఆ తెల్లవారి మధ్యాహ్నం, కిటికీ కింద ఎవరో మాట్లాడుతుంటే విన్నాను. పళ్లెం పట్టుకున్న పదో తరగతి పిల్ల రేష్మను ఏ సెక్షన్ అని అడిగింది.

"ఇంక చెప్పలేదక్కా. ఈడ నిలవడుమన్నరు."

"అడ్మిషన్ ఎన్నడైంది?"

"ఎండకాలంల అచ్చినం. సారు గేటుదాక అచ్చి ఆటో ఎక్కిచ్చిండు."

ఆ పిల్ల పళ్లెం రెండో చేతికి మార్చుకుంది. తర్వాత మెల్లగా, "చెల్లె, సారు గేటుదాక అచ్చిండంటె సీటు లేనట్టే. నువ్వు మీ అమ్మకు చెప్పుకో," అంది.

అప్పుడే ఒక కారు వచ్చి ఆగింది. రేష్మ బుడ్డి ఎత్తి, దిగినవాళ్ల మీద పన్నీరు చల్లింది. తల వంచుకొని చల్లింది, అంతే తేడా.

నేను లోపలికి పోయి సారుకు విషయమంతా చెప్పాను. ఏ పిల్ల అని అడిగాడు. కిటికీలోంచి చూపించాను. కాసేపు చూసి, "ఈ వారం ఉండనియ్యుండ్రి మేడమ్," అన్నాడు. "ఇంక అచ్చేటోల్లున్నరు. చెయ్యి మంచిగున్నది, బట్టల మీద మరకలు పడకుంట చల్లుతాంది."

"తర్వాత?"

"తర్వాతేమున్నది. తల్లి అస్తె మనమే మర్యాదగ గేటుదాక పంపుదం."

ఎనిమిదో తరగతిలో సీట్లు లేవా అంటే ఉన్నాయి. కానీ ఆటోలో వచ్చినవాళ్ల కోసం లేవు. అంతకుమించి ఆయన దగ్గర కారణం లేదు, ఉందని ఆయన చెప్పనూ లేదు.

మరునాడు పొద్దున తల్లి వచ్చింది. గేటు దగ్గర ఆగకుండా, కూతురిని చెయ్యి పట్టుకొని నేరుగా స్వాగతం గదిలోకి వచ్చి కుర్చీలో కూచుంది. చంకలో సంచి, సంచిలో పిల్ల టీసీ. గదిలో అప్పటికే కొందరున్నారు. చర్చి నుంచి ఎవరో చెప్పి పంపితే వచ్చిన టీచరు దంపతులు, ధర్మసాగర్ నుంచి వచ్చిన ఒక రైతు, ఆయన బిడ్డ. బల్లమీద ఏసుప్రభువు ఉన్నాడు. ఆమెను చూసి సారు చెయ్యి సొరుగులోకి పోయింది, కానీ ఉన్న ఫ్రేమును తీసేయాలా వద్దా తేలక అక్కడే ఆగిపోయింది.

"సార్, వీల్ల అబ్బా ఈ నెలదాకనే చూస్తనన్నడు," అంది ఆమె. "సీటు ఉన్నదా లేదా ఒక్కమాట చెప్పుండ్రి."

సారు నీళ్లు తాగమన్నాడు. తాగే వచ్చానంది. పిల్ల చాలా మంచిదన్నాడు. అది తనకూ తెలుసంది. మేనేజ్‌మెంటుతో మాట్లాడాలన్నాడు. ఎప్పుడు మాట్లాడతారంది. చివరికి ఆయన తన విద్య బయటికి తీశాడు. కుర్చీలోంచి లేచి, నవ్వుతూ తలుపు తెరిచి, చెయ్యి చాచి, రాండ్రమ్మా అన్నాడు.

ఆమె లేవలేదు. "గేటుదాక నేను రాను సార్. ఆడికి పోతె మల్ల ఎండకాలమే అస్తది."

తలుపు పట్టుకొని ఆయన అలాగే నిలబడ్డాడు. ఆయన మర్యాదకు ఎవరైనా లేవకపోవడం అదే మొదలు. ధర్మసాగర్ రైతు ఇదంతా వింటూ, లెక్క ఏదో సరిచూసుకుంటున్నట్టు గోడవైపు చూస్తున్నాడు. "సార్, మొన్న నన్ను గూడ గేటుదాక తోలిచ్చిండ్రు గద," అన్నాడు. "మరి మాదేంది? అది గూడ చెప్పుండ్రి, నేను గూడ ఆగుత." టీచరు దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లను కూడా మొన్న గేటుదాకా పంపినట్టుంది. తర్వాత వచ్చినవాళ్లు ముందువాళ్లు ఎందుకు కూచున్నారో తెలుసుకొని వాళ్లూ కూచున్నారు. స్వాగతం గది మొదటిసారి నిండింది.

సారు ఫ్యాను కట్టేశాడు. జనం చేతిలో ఉన్న కరపత్రాలతో విసురుకున్నారు. వాటిమీద ఆయన ఫోటోయే ఉంది. కాసేపటికి ఏసీ వేశాడు, చల్లగా ఉంటే సంతోషపడి పోతారనుకున్నాడేమో. ఇంకా నిమ్మళంగా కూచున్నారు. బల్లమీద ఫ్రేములు మూడూ వరుసగా నిలబడ్డాయి. వాటిలో ఏదీ ఆయన సాయానికి రాలేదు.

"చూడమ్మా," అన్నాడు, "మీ బిడ్డ సంగతి మా మనసుల ఉన్నది."

"మనసుల కాదు సార్, బడిల ఉన్నదా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "నా కాడికి గిరాకి బట్ట తెస్తె, కుడితె కుడ్తనంట. లేకుంటె బట్ట వాపస్ చేతుల పెడ్త. పెట్టెల దాసి నవ్వుకుంట కూసోను. నా బిడ్డ నెలలు మీ పెట్టెల వడ్డయి. వాపస్ ఇయ్యుండ్రి, ఏరే బడికి తోలుకపోత."

సారు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు, కళ్లజోడు తీశాడు, పెట్టుకున్నాడు. తర్వాత ఎంతో చిన్న గొంతుతో అన్నాడు.

"లేదు."

అని, ఎవరన్నారా ఆ మాట అన్నట్టు చుట్టూ చూశాడు.

ఆమె ముఖంలో కోపం వస్తుందేమోనని నేను చూశాను. రాలేదు. ఎత్తలేని బరువును ఎవరో కిందికి దింపినట్టు ఒక ఊపిరి విడిచి లేచి నిలబడింది. "గంతే గద సార్. ఈ ఒక్క మాటకు ఎండకాలమంత పట్టిందా," అంది. గేటు దాటేటప్పుడు ఎవరో అలవాటుగా అందించిన పన్నీరు బుడ్డి కూతురి చేతిలో ఇంకా ఉంది. దాన్ని బల్లమీద పెట్టించి, చున్నీ సరిచేసి, "థాంక్స్ సార్," అని బయటికి నడిచింది. ఎవరూ గేటుదాకా పోలేదు.

ధర్మసాగర్ రైతు, మరి మాకు అన్నాడు. మీకూ లేదన్నాడు సారు. ఈసారి గొంతు కొంచెం నయమైంది. టీచరు దంపతులకు చెప్పేటప్పటికి నోరు తిరిగింది. ఆ ఊపులో, అప్పుడే కారు దిగి లోపలికి అడుగుపెట్టిన సబ్‌కాంట్రాక్టరు కుటుంబానికి కూడా లేదు అనేశాడు. వాళ్లు మారుమాట్లాడకుండా వెనక్కి తిరిగారు. సారు గేటుదాకా పరుగెత్తాడు. ఆయన గేటుదాకా పోయి, ఒకరిని లోపలికి తీసుకురావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

గది ఖాళీ అయ్యాక సారు నా పక్కన కూలబడ్డాడు. చెమట తుడుచుకొని, "మేడమ్, ఆమె మనసు నొచ్చిందంటరా?" అని అడిగాడు. నిజంగానే బాధపడుతున్నాడు. ఎవరి కోసమో మాత్రం నాకు తేలలేదు.

"థాంక్స్ చెప్పింది కదా సార్," అన్నాను.

అది నేను ఊరికే అన్న మాట. ఆయన దాన్ని పట్టుకొని లోలోపల ఏదో చేసుకున్నాడు. ముఖంలోకి వెలుగు వచ్చింది. మధ్యాహ్నం ఒక బ్యాంకు ఉద్యోగి భార్యాబిడ్డలతో వస్తే, ఏసీ వేసి, ముందుకు వంగి చెప్పాడు. "మన స్కూలు పేరు ఎట్లాంటిదంటె సార్, సీటు ఇయ్యకున్నా గూడ థాంక్స్ చెప్పి పోతరు. పొద్దుగాల్నే ఒకామె చెప్పి పోయింది. కావాలంటె ఈ మేడమ్‌ను అడుగుండ్రి."

వాళ్లు నా వైపు చూశారు. నిజమేనని తలూపాను. అబద్ధమేమీ లేదు అందులో.

ఆ తర్వాత సంగతి రేష్మ తల్లి చెప్తేనే తెలిసింది. నా జాకెట్లు ఇప్పుడు ఆమే కుడుతుంది. మా గేటు ముందు నుంచే ఆటో ఎక్కి, నేరుగా సర్కారు ఆడపిల్లల హైస్కూలుకు పోయారట. హెడ్మాస్టరమ్మ పిల్ల బట్టల లేసు చూసి, పెండ్లి నుంచి వస్తున్నారా అని అడిగిందట. టీసీ చూసి, ఇంత ఆలస్యమెందుకైందని కసిరిందట. ఉంటదో లేదో చూస్తా ఆగమని చెప్పి, ఎనిమిదో తరగతి గదిలోకి తొంగిచూసి, వెంటనే తిరిగొచ్చి ఉన్నదన్నదట. అంతే సేపు పట్టింది.

సారు బ్యాంకు ఉద్యోగికి మా పేరు ప్రతిష్ఠలు చెప్తున్న వేళకు, అక్కడ లెక్కల టీచరు బోర్డు వైపు నుంచి తిరిగి చూసి, పిల్ల పేరడిగింది. రెండో వరుస బెంచీలో ఉన్నవాళ్లతో, "ఏయ్, జర జరుగుండ్రే," అంది. జరిగారు.